శూన్యంలో ఒరపిడి

ఆళ్లగడ్డ శిల్పశాలల్లో నల్లరాతిపై ఉలి ఆడుతున్నప్పుడు జనించే ఉష్ణాన్ని ఎవరూ లెక్కచేయరు, అది పుట్టినచోట నిలవదు కనుక. కొంత రాతిలోకి ఇంకి, కొంత గాలిలో కలిసి, మిగిలినది నునుపు పట్టించే వేళ విగ్రహంపై పోసే నీటితో, రాతిబురదతో సహా కొట్టుకుపోతుంది. ఫిరంగి గొట్టాన్ని తొలిచేటప్పటి ఒరపిడికే చుట్టూ ఉన్న నీరు మరగడం చూసి, ఉష్ణం వస్తువులో దాగిన ద్రవ్యం కాదనీ చలనమే ఆ రూపం దాలుస్తుందనీ 1798లో రమ్‌ఫోర్డ్ ప్రకటించాడు. అరణి మథనం ఎరిగిన జాతికి ఇది వింత కాదు. మథనం ఆగితే అగ్ని లేదు.

అదే ఒరపిడి వాయురహితమైన శూన్యంలో జరిగితే దాని నడవడి వేరు. అక్కడ వేడిని మోసుకుపోయే గాలి లేదు. తాకి ఉన్న లోహం గుండా పాకడం, కిరణరూపంలో వెలువడడం తప్ప వేరు దారి లేక అది పేరుకుంటుంది. అంతకన్న గహనమైన విషయం మరొకటి ఉంది. భూమిపై లోహాలు సాధారణంగా ప్రాణవాయువుతో కూడి సన్నని పొరను కప్పుకొని ఉంటాయి. ఒరపిడిలో అది చిరిగినా వెంటనే మళ్లీ అల్లుకుంటుంది. శూన్యంలో చిరిగిన పొర తిరిగి రాదు. అప్పుడు ఒకే జాతి లోహపు ముక్కలు రెండు నిరావరణంగా ఒత్తుకుంటే కొలిమి లేకుండానే అతుక్కుపోగలవు. గాలిలోని తేమ అందనిదే గ్రాఫైట్ కందెన సైతం పనిచేయదు కనుక వ్యోమనౌకల కీళ్లకు మాలిబ్డినం డైసల్ఫైడ్ పూస్తారు. ఆ పొడి పూత అరిగి గొడుగు యాంటెన్నా పుల్లలు పట్టుకుపోయినందువల్లనే, 1991లో గెలీలియో వ్యోమనౌక దానిని పూర్తిగా విప్పలేకపోయిందని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు.

సాధకుని ఏకాంతం ఇటువంటి శూన్యమే. నంద్యాల బజారులో నలుగురి నడుమ మెలగేవేళ పుట్టిన రోషాన్ని మాటలూ పనులూ పంచుకుపోతాయి. మహానంది కోనేటి ఒడ్డునో ఎగువ అహోబిలం గుహలోనో కన్నులు మూసి కూర్చున్నవానికి అదే రోషం ద్విగుణమై తోస్తుంది. సాధన చెడిందని తలచి చాలామంది అక్కడే లేచిపోతారు, అది తొందరపాటు. మోసుకుపోయే గాలి లేకపోవడమే ఆ తాపానికి హేతువు. లోకమర్యాదల కందెన పనిచేయని ఆ చోటనే అహంకారమనే పొర చిరిగి, మళ్లీ కట్టుకోలేని స్థితి సమీపిస్తుంది. పిమ్మట కలిగేదానిని అద్వైతి ఐక్యమంటాడు, అహోబిల మఠ సంప్రదాయం భగవచ్ఛేషత్వమంటుంది. పొర తొలగాలన్న విషయంలో ఇరువురికీ భేదం లేదు.

అహోబిలంలో జ్వాలానృసింహుడు వెలసిన కొండ ఈ రహస్యాన్నే ధరించి ఉంది. హిరణ్యకశిపుని సంహరించిన పిదప కూడా చల్లారని ఆ ఉగ్రతేజాన్ని బ్రహ్మరుద్రాదులు దూరం నుంచే స్తుతించారు, శ్రీమహాలక్ష్మి సైతం చేరడానికి శంకించింది. దేవతలకు పదవి అనే పొర ఉంది, స్తోత్రమూ దానిమీదుగానే వెలువడింది. ప్రహ్లాదుడు మాత్రం మెల్లగా నడిచివెళ్లి పాదాలపై వాలాడు. స్వామి లేవనెత్తి శిరస్సుపై చేయి ఉంచాడు. బాలుని నోట స్తుతి పలికింది ఆ స్పర్శ తరువాతనే.