తండ్రుల దేవుడు, నా దేవుడు



మనలో చాలామంది తాతలు పని వెదుక్కుంటూ ఊరు విడిచి వచ్చినవారే. వచ్చేటప్పుడు తెలుగు బైబిలు, పాటల పుస్తకం వెంట తెచ్చుకొన్నారు. ఇతర భాషల మధ్య మందిరం కట్టుకొని ఆరాధన నిలబెట్టారు. ఆ భాష, ఆ పాటలు, ఆ మందిరం మనకు వారసత్వంగా దక్కాయి. అయితే దేవునితో సహవాసం కూడా అలాగే దక్కుతుందా?

ఈ ప్రశ్న నాకు మా అబ్బాయివల్ల ఎదురైంది. బాప్తిస్మానికి పేర్లు ఇచ్చే ఆదివారం పద్దెనిమిదేళ్ల వాడు తన పేరు వ్రాయించలేదు. అడిగితే, "నాన్నా, మీరు డీకన్ గనుక నేను నీళ్లలోకి దిగాలా? నాకు ఆయన ఇంకా మీ దేవుడే" అన్నాడు. నాకు కోపం వచ్చింది. సంఘస్థులు ఏమనుకొంటారోనని సిగ్గేసింది. ఆ రాత్రి మోకరిస్తే నా నోట వచ్చిన మాటలన్నీ మా నాన్నగారివే. మొదలుపెట్టే తీరు ఆయనదే, ముగించే తీరు ఆయనదే. వాడు అన్నమాట నాకూ తగిలింది.

యాకోబును చూడండి. ఆయన కూడా ఇల్లు విడిచి పరదేశం వెళ్లినవాడే. బేతేలులో దేవుడు కలలో కనబడ్డాడు. హారానులో ఇరవై ఏండ్లు కాపాడాడు. అయినా తిరిగి వస్తూ ఏశావుకు భయపడి ప్రార్థించినప్పుడు, తన తండ్రులైన అబ్రాహాము ఇస్సాకుల దేవుడనే పిలిచాడు. ఆ రాత్రి యబ్బోకు రేవు దగ్గర ఒంటరిగా మిగిలి తెల్లవారేవరకు పెనుగులాడాడు. అక్కడ ఆయనను అడిగినది ఒక్కటే, పేరు. పూర్వం గ్రుడ్డివాడైన తండ్రి అడిగినప్పుడు ఏశావునని అబద్ధమాడినవాడు, ఇప్పుడు యాకోబునని నిజం ఒప్పుకొన్నాడు. తరువాత షెకెము దగ్గర కట్టిన బలిపీఠానికి, దేవుడిచ్చిన తన క్రొత్త పేరునే చేర్చి, ఇశ్రాయేలు దేవుడని పేరు పెట్టాడు. తండ్రుల దేవుడు అప్పుడు తన దేవుడయ్యాడు.

మన సంఘాల చరిత్రలోనూ ఈ పాఠం ఉన్నది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారని గర్వంగా చెప్పుకొంటాం. దానికి ముందు జరిగినది అంతగా చెప్పుకోము. 1876-78 కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించారు. అనేకులు బాప్తిస్మం కోరినా, కూటికోసం చేరారనే మాట రాకూడదని ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. ఆ దినాన కూడా ఎవరినీ గుంపుగా ముంచలేదు. ఒక్కొక్కరే నీళ్లలోకి దిగారు.

కూటికోసం వద్దన్న చోట పరువుకోసం మాత్రం తగునా? తండ్రిని సంతోషపెట్టడానికో, పెండ్లి సంబంధానికో పొందే బాప్తిస్మం కేవలం స్నానమే. పిల్లలకు మనం దారి చూపగలం, తలుపువరకు నడిపించగలం. తలుపు తట్టవలసినది వారే.

నేను సొంతంగా చేసిన మొదటి ప్రార్థన చాలా చిన్నది. "ప్రభువా, వాని ఆత్మకోసం కాదు, నా పేరుకోసం తొందరపడ్డాను" అన్నాను. అందులో అలంకారమేమీ లేదు. కాని ఎన్నో ఏండ్ల తరువాత ఎవరో వింటున్నట్లు అనిపించింది. సహవాసం అక్కడే మొదలవుతుందని నా నమ్మకం. దినానికి పది నిమిషాలు చాలు. వాక్యం చదివి, తలుపు వేసికొని, ఉన్నది ఉన్నట్లు చెప్పుకొందాం. భయముంటే భయమని, కోపముంటే కోపమని. మన పిల్లలు తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో మొరపెడితే నొచ్చుకోవద్దు. అరువు తెచ్చిన తెలుగుకంటే సొంతమైన ఏ భాషైనా ఆయనకు ప్రియమే.

మా అబ్బాయి ఇంకా పేరు వ్రాయించలేదు. నేను అడగడం మానాను. వానికోసం ప్రార్థించడం మాత్రం ఇప్పుడే నేర్చుకొంటున్నాను.

తండ్రుల దేవుడు మనలో ఒక్కొక్కరికి సొంత దేవుడగును గాక. ఆమేన్.