పరువు ఎవరిది, చికిత్స ఎవరికి?

లైంగిక హింసకు గురైన బిడ్డ నోరు విప్పి చెప్పిన తరువాత, ఆ కుటుంబానికి మానసిక చికిత్స అందేట్టు చూడటం అభ్యుదయవాదుల పనేనా అని ఒక మిత్రుడు ఈ మధ్య వాదించారు. సాంఘిక వ్యాధిని వ్యక్తి మనస్సులోకి నెట్టే మధ్యతరగతి మందు అది, అన్నారు. ఈ మాటలో సగం నిజమున్నది కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

రుసుమిచ్చి నిపుణుల దగ్గరకు పోగలిగిన కుటుంబాలెన్ని? కూలికి పోయే తల్లి బిడ్డను వారం వారం పట్నం తీసుకుపోవాలి. రెండు తెలుగు రాష్ట్రాలలోను ఆడవాళ్ళకు బస్సు ఉచితమే. పోయిన కూలి ఎవరిస్తారు? 2007లో కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను విచారించిన నివేదిక ప్రకారం 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక హింసకు గురయ్యారు. హింసించినవారిలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవారే. ఆ తెలిసినవాడు ఇంటికి తిండి పెట్టేవాడో, పని ఇచ్చే ఆసామో అయితే, పరువనే మాట చాటున ఆకలి కూడా దాగి ఉంటుంది. పరువు పోయేది నేరం చేసినవాడికి కాక బిడ్డకు కావటం భూస్వామ్య నీతి మనకిచ్చిన ఆస్తి.

శాస్త్రం కూడా ఇక్కడ తడబడింది. చిన్ననాటి లైంగిక దాడులే హిస్టీరియాకు మూలమని 1896లో ప్రకటించిన ఫ్రాయిడ్, మరుసటి ఏడాదే ఆ సిద్ధాంతం మీద తనకు నమ్మకం పోయిందని మిత్రునికి ఉత్తరం రాశాడు. ఇందరు తండ్రులు దోషులా అన్నది ఆయన సందేహాలలో ఒకటి!

ఇక చట్టం. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం విషయం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. వైద్యుడికీ, ఉపాధ్యాయుడికీ మినహాయింపు లేదు. అంటే కుటుంబం కంటికి చికిత్స గుమ్మం పోలీసు ఠాణాలోకి తెరుచుకొంటున్నది. భయపడి వెనక్కి పోయేవారిని నేను తప్పు పట్టలేను. అయినా ఆ విధిని తీసివేయమని అనను. మౌనం వల్ల లాభపడేది ఎప్పుడూ బలవంతుడే. చెప్పటంతో మన బాధ్యత తీరిందనుకోవటమే నాకు అభ్యంతరం. 2020 నిబంధనల ప్రకారం బాలల సంక్షేమ సమితి కుటుంబానికి తోడుగా ఒక సహాయకుణ్ణి నియమించవచ్చు. హైదరాబాదులో 2016 నుంచి భరోసా కేంద్రం ఉన్నది. 1098కి ఫోను చేయవచ్చు. ఇవి ఉన్నాయని ఆ తల్లికి చెప్పేదెవరు?

కేసు తేలేదాకా చికిత్స వద్దు, సాక్ష్యం చెడుతుందని సలహా ఇచ్చే పెద్దమనుషులున్నారు. చట్టంలో అలాంటి నిషేధం లేదు. విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియాలంటుంది 35వ సెక్షను. ఆ ఏడాది ఎన్నేళ్ళవుతుందో కోర్టు మెట్లెక్కినవారిని అడగండి. అంతకాలం బిడ్డ సాక్షిగానే బ్రతకాలా? తల్లిదండ్రులను కలుపుకొని సాగే చికిత్సా పద్ధతి ఒకటి 12 నుంచి 16 వారాలలో ముగిసేది. ఇది విలాసమా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ ఖర్చుతో చికిత్స పొందటాన్ని హక్కుగా గుర్తించింది. జీతభత్యాల కోసం తీర్మానాలు చేసే మన ఉపాధ్యాయ సంఘాలు, ప్రతి జిల్లా ఆసుపత్రిలో పిల్లల మానసిక నిపుణుల ఉద్యోగం కావాలనీ, వెంట వచ్చే తల్లికి ఆ రోజు కూలి ఇవ్వాలనీ ఒక తీర్మానం చేయాలని నా ప్రతిపాదన.