నోట ప్రార్థన, నడుమున జాగ్రత్త



పరిశుద్ధ గ్రంథాన్ని ఉదహరించడం సైతానుకు కూడా తెలుసు. పునీత మత్తయి సువిశేషం 4వ అధ్యాయం తెరచి చూడండి. సైతాను మన ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి కిందికి దూకమంటాడు. దూకితే దేవదూతలు చేతులలో ఎత్తి పట్టుకుంటారని 91వ కీర్తన నుండి ఆధారం కూడా చూపిస్తాడు. పైకి చూస్తే అది విశ్వాసానికి పిలుపులాగే ఉంది. కాని ప్రభువు దూకలేదు. తండ్రి మీద నమ్మకం లేక కాదు. తండ్రిని పరీక్షకు పెట్టడం నమ్మకం కానే కాదు గనుక.

తపస్సుకాలంలో ఈ ఘట్టాన్ని వింటూనే ఉంటాం. అయితే మన ఇళ్ళలో ఇది ఏ రూపంలో ఎదురవుతుందో ఒక తల్లి ప్రశ్న నాకు చూపించింది. ఆమె కుమారుడు అమెరికాలో చదువుకుంటున్నాడు. సెలవులకు స్నేహితులతో కలిసి ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనానికి వెళుతున్నాడు. వీపున సంచి, గుడారం కట్టుకుని అడవిలో మూడు రోజులు కాలినడక. ఆ అడవిలో ఎలుగుబంట్లున్నాయి. లోపలికి వెళ్ళేవారు ‘బేర్ స్ప్రే’ అనే డబ్బాను వెంట ఉంచుకోవాలని అక్కడి అధికారులు చెబుతున్నారు. దాని ధర 40, 50 డాలర్లు. కుమారుడు ఫోనులో, “అమ్మా, నువ్వు రోజూ జపమాల చెబుతున్నావుగా, నాకేమీ కాదులే. మూడు రోజులకోసం అంత డబ్బెందుకు?” అన్నాడట. ఆ తల్లి నన్ను అడిగింది: “ఫాదర్ గారూ, నా ప్రార్థన మీద వాడికి అంత నమ్మకమున్నందుకు సంతోషించాలా? కొనుక్కోమని నేను పోరితే నాకే విశ్వాసం తక్కువైనట్టా?”

మంచి ప్రశ్న. ఈ రోజుల్లో మన విచారణల్లో పిల్లలను విదేశాలకు పంపిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి జవాబును అందరితో పంచుకుంటున్నాను.

ముందుగా విషయం తెలుసుకుందాం. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటలకు వెళ్ళే మన జనానికి ఎలుగుబంటి అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఎల్లోస్టోన్‌లో ఉండేవి వేరే జాతులు. ఒకటి నల్ల ఎలుగుబంటి, రెండవది గ్రిజ్లీ. గ్రిజ్లీ చాలా పెద్దది. గంటకు 50 కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తగలదు. దానికంటే ముందు పరుగెత్తి తప్పించుకునే మనిషి లేడు. అయినా అది మనుషులను వెదుక్కుంటూ వచ్చే జంతువు కాదు. దారి మలుపులో హఠాత్తుగా ఎదురుపడినప్పుడు, పిల్లలతో ఉన్నప్పుడు, ఆహారాన్ని కాచుకుని ఉన్నప్పుడు దాడి చేస్తుంది.

అలాంటి క్షణానికే ఈ డబ్బా. 1980లలో మోంటానా విశ్వవిద్యాలయంలో క్యారీ హంట్ అనే పరిశోధకురాలు ఎలుగుబంట్లను చంపకుండా నిలువరించేదేమిటని వెదుకుతూ ఎన్నో పదార్థాలను పరీక్షించారు. చివరకు పనికివచ్చింది మిరప ఘాటు. మన గుంటూరు మిరపకాయను మండించే పదార్థమే ఆ డబ్బాలోనూ ఉంది. మీట నొక్కితే 25, 30 అడుగుల దూరం వరకు ఎర్రటి పొగమబ్బులాగా చిమ్ముతుంది. ఎలుగుబంటికి కళ్ళు, ముక్కు, గొంతు భగ్గుమంటాయి. కొంతసేపటికి ఆ మంట తగ్గిపోతుంది. మనిషీ బ్రతుకుతాడు, జంతువూ బ్రతుకుతుంది.

ఇది ఊరకే చెప్పే మాట కాదు. అలాస్కాలో 1985 నుండి 2006 వరకు ఈ స్ప్రే వాడిన 83 సంఘటనలను పరిశీలించి, 2008లో శాస్త్రజ్ఞులు ఒక అధ్యయనం ప్రచురించారు. గ్రిజ్లీలు చేరిన బ్రౌన్ బేర్ జాతిపై వాడినప్పుడు నూటికి 92 సార్లు అవి ఆగిపోయాయి. స్ప్రే దగ్గరున్నవారిలో నూటికి 98 మందికి ఏ గాయమూ కాలేదు. గాయపడిన ముగ్గురికీ ఆసుపత్రిలో చేరవలసిన అవసరం రాలేదు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాం. ఆపద నుండి తప్పించుకునే ఉపాయం చేతిలో ఉండి, తగిన కారణం లేకుండా దానిని విడిచిపెట్టి, దేవుడే చూసుకుంటాడని కూర్చునేవాడు దేవుణ్ణి శోధిస్తున్నాడని పునీత తోమాసు అక్వీనాసు బోధించారు. అది విశ్వాసపు లోటును విశ్వాసపు వేషంలో దాచడం. జపమాల చెప్పే తల్లి, సర్వేశ్వరుడు తన బిడ్డకు మేలు చేయాలని వేడుకుంటుంది. ఆయన ఏ మార్గంలో మేలు చేయాలో ఆమె నిర్ణయించదు. మిరపకాయకు ఘాటు పెట్టినవాడు ఆయనే. దాన్ని కాపుదలగా వాడుకునే బుద్ధిని మనిషికి ఇచ్చినవాడు ఆయనే. కావలి సన్మనస్కుడు ఏదో ఒక వెలుగుతోనే రావాలని లేదు. “ఇది కొనుక్కో నాయనా” అనే తల్లి మాట రూపంలో కూడా రావచ్చు. కాబట్టి అమ్మా, నువ్వు పోరడం విశ్వాసపు కొరత కాదు. అది నీ జపమాలలో మరొక పూస.

ఎలుగుబంటితో పోరాడిన విశ్వాసి ఒకడు పరిశుద్ధ గ్రంథంలోనే ఉన్నాడు. సమూవేలు మొదటి గ్రంథం 17వ అధ్యాయంలో దావీదు, సింహం నుండీ ఎలుగుబంటి నుండీ తనను ప్రభువే కాపాడాడని సౌలు రాజుతో చెబుతాడు. అంత నమ్మకమున్నవాడు గొల్యాతు ముందుకు వట్టి చేతులతో పోయాడా? లేదు. కర్ర పట్టుకున్నాడు. వాగులోకి దిగి అయిదు నున్నని రాళ్ళు ఏరుకున్నాడు. ఒడిసెల చేతపట్టుకున్నాడు. ఇంకొక సంగతి కూడా గమనించండి. సౌలు తన కవచాన్ని తొడిగితే, అలవాటు లేదని దావీదు దాన్ని విప్పేశాడు. మంచి ఆయుధమైనా సాధన లేనివాడికి బరువే. బేర్ స్ప్రే విషయంలోనూ ఇది అక్షరాలా నిజం. డబ్బాను సంచి అడుగున బట్టల కింద పెట్టుకుంటే ఏం లాభం? ఎలుగుబంటి ఎదురైనప్పుడు సంచి విప్పే సమయం ఉండదు. నడుము పట్టీకో, రొమ్ము మీది పట్టీకో తగిలించుకోవాలి. భద్రత కోసం పెట్టిన చిన్న క్లిప్పును ఎలా తీయాలో ఇంటి దగ్గరే నేర్చుకోవాలి. సాధన కోసం ఘాటు లేని డబ్బాలు కూడా దొరుకుతాయి.

వివేకం అనే ప్రధాన సుగుణానికి పునీత తోమాసు కొన్ని అంగాలు చెప్పారు. వాటిలో మూడింటిని ఈ నడకకు అన్వయించుకుందాం.

మొదటిది ముందుచూపు. విమానంలో బేర్ స్ప్రేను చేతి సంచిలోనూ తీసుకుపోనివ్వరు, లోపల వేసే సామానులోనూ తీసుకుపోనివ్వరు. అక్కడికి చేరాకే కొనుక్కోవాలి, లేదా అద్దెకు తీసుకోవాలి. డబ్బా మీద గడువు తేదీ చూడాలి. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే వేడికి పేలిపోవచ్చు.

రెండవది పరిసరాలను గమనించడం. గాలి ఎటు వీస్తున్నది? దారి ఎక్కడ మలుపు తిరుగుతున్నది? వాగు హోరులో మన అడుగుల చప్పుడు ఎలుగుబంటికి వినబడుతుందా? ముగ్గురికి తక్కువ కాకుండా కలిసి నడవాలి. మాట్లాడుతూ, చప్పట్లు చరుస్తూ పోవాలి. ఎలుగుబంటి కనబడితే కనీసం 100 గజాల దూరం పాటించాలన్నది ఎల్లోస్టోన్ నియమం. ఫోటో కోసం ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు. పరుగెత్తకూడదు. అది మీదికి దూసుకువస్తూ 60 అడుగుల లోపుకు రాగానే, దానికీ మనకూ మధ్య, కొంచెం కిందికి గురిపెట్టి చిమ్మాలి. ఎదురుగాలి ఉంటే ఘాటు మన కళ్ళలోనే పడవచ్చు. అలాస్కా అధ్యయనంలో 71 సంఘటనలకు 10 సంఘటనల్లో వాడినవారికే ఆ బాధ కలిగింది. అయినా వారికి ప్రాణం దక్కింది.

మూడవది నేర్చుకునే వినయం. ఎంతటి తెలివైనవాడైనా అనుభవజ్ఞుల మాట వినవలసినవాడే. ఒక ఉద్యానవనంలో ఉన్న నియమం మరొకచోట ఉండదు. ఎల్లోస్టోన్‌లో తీసుకువెళ్ళమని చెప్పే ఈ స్ప్రేనే, గ్రిజ్లీలు లేని కాలిఫోర్నియాలోని యోసెమిటీలో నిషేధించారు. “నాకు అంతా తెలుసు” అనుకునే యువకుడు అక్కడి అధికారిని ఒక్క మాట అడిగితే రెండుచోట్లా క్షేమంగా ఉంటాడు.

ప్రియ పాఠకులారా, ఇక రెండవ ప్రమాదం ఉంది. మొదటివాడు డబ్బా వద్దు, ప్రార్థన చాలన్నాడు. రెండవవాడు డబ్బా ఉంది, ఇక దేనితోనూ పని లేదంటాడు. కొందరు దీన్ని దోమల మందులాగా భావించి, గుడారం మీద, సంచుల మీద ముందే చల్లుకున్నారు. ఏమయిందో తెలుసా? నేలమీద ఆరిపోయిన ఆ మిరప వాసనకు ఎలుగుబంట్లు దగ్గరకు వచ్చి దొర్లాయని అలాస్కాలో చేసిన పరిశీలన 1998లో ప్రచురితమైంది. ముఖం మీద చిమ్మితే తరిమే ఘాటు, గుడ్డకు పూస్తే పిలిచే వాసన అయింది! సాధనాన్ని తాయెత్తుగా మార్చుకునేవారందరికీ ఇదొక పాఠం. మెడలో జపమాలను అలంకారంగా వేసుకుని ప్రార్థన మానేసినవాడి పరిస్థితీ ఇలాంటిదే. దేవుడిచ్చిన సాధనాలు మన మెలకువకు తోడుగా ఉండాలి గాని, దానికి బదులుగా కాదు.

చివరగా ఎలుగుబంటి గురించి ఒక మాట. అదీ సర్వేశ్వరుని సృష్టియే. 1967 ఆగస్టులో మోంటానాలోని గ్లేసియర్ ఉద్యానవనంలో ఒకే రాత్రి, రెండు వేర్వేరు చోట్ల, ఇద్దరు యువతులు గ్రిజ్లీల దాడిలో మరణించారు. మనుషులు పారవేసిన తిండికి ఆ ప్రాంతపు ఎలుగుబంట్లు మరిగాయి. ఆ తరువాత వాటిని కాల్చి చంపారు. మనుషుల అజాగ్రత్త వల్ల మనుషులూ పోయారు, జంతువులూ పోయాయి. ఆహారాన్ని గుడారంలో పెట్టుకోకుండా, ఎలుగుబంటికి అందని చోట భద్రపరచడం కూడా పొరుగుప్రేమే. మన తరువాత ఆ దారిన నడిచేవారు మన పొరుగువారే గదా!

కొండలు ఎక్కడం మంచిదే. 2025లో పునీతుడుగా ప్రకటింపబడిన పియెర్ జోర్జో ఫ్రసాతీ పర్వతాలంటే ప్రాణం పెట్టిన యువకుడు. సృష్టి సౌందర్యంలో సృష్టికర్తను స్తుతించడానికి మన పిల్లలూ వెళ్ళాలి. కాని తల్లిదండ్రులారా, ఈ వారం ఫోను చేసినప్పుడు “దేవుడు చూసుకుంటాడులే” అని మాత్రమే అనకండి. “స్ప్రే కొన్నావా? ఎక్కడ తగిలించుకున్నావు? క్లిప్పు తీయడం వచ్చా? ఎంతమంది కలిసి వెళుతున్నారు?” అని అడగండి. ఆపైన మోకరించి, వారికోసం జపమాల చెప్పండి. యువతీ యువకులారా, మీ అమ్మ ప్రార్థనను ఖర్చు తగ్గించుకునే మార్గంగా వాడుకోకండి. ఆ 50 డాలర్లు మీరు పెట్టండి. మిగిలిన కాపుదల ఆమె అడుగుతున్నది.

దారి చూపే ప్రభువు మన బిడ్డలకు వివేకాన్ని ప్రసాదించి, వెళ్ళిన ప్రతి దారి నుండి క్షేమంగా ఇంటికి చేర్చునుగాక. ఆమెన్.