మొదలు తడపకు నాయనా

నాయనా, చీనీ తోట పెట్టావని విన్నాను. బోరు పడింది, డ్రిప్పు వేయించావు, చాలా సంతోషం. కష్టపడే పిల్లోడివే. నీ తొందరే నాకు భయం. అందుకే ఒక్క మాట, కాస్త కూర్చుని విను. చెట్టు మొదలు తడపకు.

నీళ్ళు చాలక వాడిన చెట్టు నీళ్ళిస్తే తేరుకుంటుంది. మొదలు కుళ్ళిన చెట్టు తేరుకోవడం కష్టం. ఆ కుళ్ళుకు కారణమైన ఫైటాఫ్తోరా అనే సూక్ష్మజీవి మట్టిలోనే కాచుకుని ఉంటుంది. దాని బీజాలు నీళ్ళలో ఈదుతాయి. మొదట్లో నీళ్ళు నిలబెట్టావంటే దానికి నువ్వే దారి వేసినట్టు. ముందు బెరడు నల్లబడి, పగిలి బంక కారుతుంది. గోరుతో గీకి చూస్తే లోపల గోధుమరంగు. ఆకుల ఈనెలు పసుపెక్కుతాయి. ఆ పైన చెట్టు విరగబూస్తుంది. కాపు బాగుందని మురిసిపోకు నాయనా, చావబోయే చెట్టు కూడా అట్లాగే పూస్తుంది.

అంటు కొనేటప్పుడు ధర అడుగుతారు, మొక్క ఎత్తు చూస్తారు, కింద ఏ వేరుందో అడగరు. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు ఇంటి గుట్టు కనుక్కోమా? ఇదీ అంతే. మన సాత్గుడి చీనీకి రంగ్‌పూర్ నిమ్మ వేరు మేలని పరిశోధన స్థానాల వాళ్ళు చెబుతారు. జంబేరి వేరు ఈ కుళ్ళుకు త్వరగా లొంగిపోతుంది. అంటు కట్టిన చోటు నేలకు జానెడు ఎత్తున ఉండాలి. మట్టి ఎగదోసి దాన్ని కప్పెట్టావో, ఎంత మంచి వేరైనా దండగే.

మంచి వేరు దొరికిందని నిశ్చింతగా కూర్చోకు. ఈ కుళ్ళును తట్టుకుంటుందని ఒకప్పుడు దేశదేశాల రైతులు పుల్ల నారింజ వేరును నమ్ముకున్నారు. 1930ల్లో ట్రిస్టెజా వైరస్ వచ్చి బ్రెజిల్, అర్జెంటీనాల్లో ఆ వేరు మీది తోటల్ని ఊడ్చేసింది. కాలిఫోర్నియా అక్రోటు తోటలకూ ఫైటాఫ్తోరా బెడదే. అక్కడ ఆర్‌ఎక్స్1 అనే తట్టుకునే వేరు ఉంది. అయినా చెట్టు మొదట్లో నీరు నిలవకుండా చూసుకోవాలనే చెబుతారు. తట్టుకోవడమంటే అసలు సోకకపోవడం కాదు.

పాదు రెండు వరసల గట్లతో చెయ్యి. లోపలి గట్టు మొదలును నీళ్ళకు దూరంగా ఉంచాలి. చెట్టు ఎదిగేకొద్దీ డ్రిప్పు గొట్టాన్ని బయటికి జరుపు. కలుపు తీసేటప్పుడు పార బెరడుకు తగలనీయకు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు కలిపిన బోర్డో పేస్టును వానలకు ముందొకసారి, వెనకొకసారి మొదలుకు పూయి. ఇనప బక్కెట్టులో కలపకు, ప్లాస్టిక్ డ్రమ్ము వాడు.

చీనీ కాపుకు రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ ఇల్లంతా నీ మీద నమ్మకంతో అప్పు మోస్తుంది. తోట నిలిస్తే పిల్లల చదువులకు ఆసరా. మొదలు కుళ్ళితే ఆ అప్పు తీర్చేదెవరు? కాబట్టి రేపు తోటలోకి వెళ్ళగానే మోటారు వెయ్యకు. ముందు ప్రతి చెట్టు దగ్గరా వంగి చూడు, మొదలు మీది మట్టి తీసెయ్. ఆ తర్వాతే నీళ్ళు.