పంతమునకు వెల

పట్టుదల మంచిదా చెడ్డదా యని యెవరైన నడిగినచో మనలో పెక్కండ్రు వెనుకముందు చూడక మంచిదనియే చెప్పుదురు. చిన్ననాడు పెద్దలు మనకు చెప్పిన కథలలో మాట తప్పనివారి కథలకే పెద్దపీట. హరిశ్చంద్రుడు రాజ్యమును విడిచెను గాని మాటను విడువలేదు. అయితే ఆ కథలో మనము తఱచుగా గమనింపని విషయమొకటి కలదు. మాట యిచ్చినవాడు హరిశ్చంద్రుడొక్కడే. దానికి వెల చెల్లించినవారు మాత్రము ముగ్గురు. చంద్రమతి పరుల యింట దాసి యయ్యెను. లోహితాస్యుడు పాముకాటునకు గుఱి యయ్యెను. ఆ రాజు తానును అమ్ముడువోయి కాటికాపరియై నిలిచెను గనుకనే లోకము నేటికిని ఆయనను కొనియాడుచున్నది. ఆయన సింహాసనము మీదనే కూర్చుండి, ఆలుబిడ్డలను మాత్రము అంగడిలో నిలిపి, నా మాట నిలిచినదని మురిసియుండినచో, ఆయనను మనము సత్యసంధుడని పిలిచియుందుమా?

ఈ ప్రశ్న పురాణములకు మాత్రమే సంబంధించినది కాదు. ప్రజలు తమ ప్రతినిధిగా నెన్నుకొనిన శాసనసభ్యుడు తన పట్టును నిలుపుకొనుటకై ప్రభుత్వమునే మూయించుట న్యాయమా? అట్టి సమయమున ఆతని నడతను దేనినిబట్టి తూచవలెను? అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్ర ఈ ప్రశ్నను పలుమాఱులు లోకము ముందుంచినది. అందు 2013వ సంవత్సరపు ఉదంతమును ముఖ్యముగా విచారింతము.

ఆ దేశపు రాజ్యాంగము ప్రకారము శాసనము లేనిదే ఖజానానుండి ఒక్క డాలరైనను వెలికి రాదు. అచ్చటి ఆర్థిక సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మొదలగును. ఆ లోపల ప్రతినిధుల సభయు, సెనేటును, అధ్యక్షుడును ఖర్చులనుగూర్చి యేకీభవింపనిచో కచేరీలకు ధనము నిలిచిపోవును. పూర్వము ఇట్టి యెడము కలిగినను, మంజూరు నేడో రేపో వచ్చునను నమ్మకముతో కచేరీలు సాధారణముగా పనిచేయుచునే యుండెడివి. 1980లో అటార్నీ జనరలు బెంజమిన్ సివిలెట్టి పాత శాసనమును పరిశీలించి, మంజూరు లేనిదే పని సాగించుట చట్టవిరుద్ధమని అభిప్రాయమిచ్చెను. ప్రాణరక్షణకును ఆస్తిరక్షణకును సంబంధించిన పనులకు మినహాయింపు కలదు. నాటినుండి ధనము నిలిచినపుడు ఉద్యోగులలో కొందఱు జీతములేని సెలవు మీద ఇండ్లకు పంపబడుదురు. తక్కినవారు జీతమెప్పుడు చేతికి వచ్చునో తెలియకయే పనిచేయవలసియుందురు. మన దేశమున లోకసభ ప్రభుత్వమునకు ధనము నిరాకరించినచో మంత్రివర్గమే గద్దె దిగవలెను. అచ్చట గద్దె దిగువారెవరును లేరు. గుమాస్తా జీతము మాత్రము నిలిచిపోవును.

ఇక కథకు వత్తము. ఒబామా అధ్యక్షుడుగా నుండగా 2010లో ఆరోగ్యబీమా శాసనము వచ్చెను. 2012 జూనులో సుప్రీంకోర్టు దానిని చాలవఱకు సమర్థించెను. ఆ నవంబరులోనే ఒబామా మరల ఎన్నికయ్యెను. అదే దినమున టెక్సాసు రాష్ట్రము టెడ్ క్రూజ్ అను రిపబ్లికను న్యాయవాదిని సెనేటునకు పంపెను. ఆ శాసనమును రూపుమాపుటకు పోరాడెదనని ఆయన తన ప్రజలకు మాట యిచ్చియుండెను. కనుక ఇరుపక్షములవారికిని ప్రజల తీర్పు తమ వెనుక నున్నదని చెప్పుకొనుటకు అవకాశము కలదు. క్రూజుగారి చిత్తశుద్ధిని నేను శంకింపను.

ఆరోగ్యశాసనమునకు ధనము నిరాకరింపని ఏ ఖర్చుల బిల్లునకును ఒప్పుకొనరాదని ఆయన పట్టుపట్టెను. 2013 సెప్టెంబరు 24వ తేదీ మధ్యాహ్నము సెనేటులో లేచి, మరునాటి మధ్యాహ్నమువఱకు, 21 గంటల 19 నిమిషములు నిలువు కాళ్ల మీద నిలిచి మాటలాడెను. ఆ రాత్రి ఇంటివద్ద చూచుచున్న తన చిన్నారి కుమార్తెలకై డాక్టర్ స్యూస్ వ్రాసిన బాలకథనొకదానిని సభలోనే చదివి వినిపించెను. ఆ ఓర్పు సామాన్యము కాదు. కాని ఉపన్యాసము ముగిసిన నాడే, బిల్లును చర్చకు గైకొనుటనుగూర్చి వోట్లు తీయగా, నూటికి నూరుగురును అనుకూలముగా వోటు వేసిరి; ఆ నూరుగురిలో క్రూజుగారును ఒకరు. ఆ బిల్లు ఆయన కోరిన షరతుతోనే వచ్చినది గనుక ఇందులో తప్పు పట్టనక్కఱలేదు. అయినను ఇరువదియొక్క గంటల ఉపన్యాసము సభ నడకను ఒక్క యడుగైనను మార్చలేదని ఆ వోట్ల లెక్క చెప్పుచున్నది.

పిమ్మట సెనేటులోని అధికసంఖ్యాకులు ఆ షరతును తొలగించిరి; ప్రతినిధుల సభ దానిని వేఱు రూపములలో మరల తగిలించి త్రిప్పిపంపెను. గడువు దాటెను. అక్టోబరు 1న ప్రభుత్వము మూతపడెను. చిత్రమేమనగా, సరిగా ఆ దినముననే ఆరోగ్యబీమా అంగళ్లు దేశమంతట తెఱవబడెను. ఏలయన ఆ శాసనమునకు వలయు ధనములో చాలభాగము ఏటేట మంజూరు కావలసినది కాదు. మూయదలచిన తలుపు తెఱచుకొనెను. ఎవరును మూయగోరని తలుపులు మూతపడెను.

సుమారు 8 లక్షల మంది ఉద్యోగులు మొదట ఇండ్లకు పంపబడిరి. జాతీయ ఆరోగ్యసంస్థల చికిత్సాలయమున వారమునకు సుమారు 200 మంది క్రొత్త రోగులను చేర్చుకొనజాలమనియు, వారిలో 30 మంది వఱకు పిల్లలే యనియు, ఆ పిల్లలలో పలువురు క్యాన్సరు వ్యాధిగ్రస్తులనియు అధికారులు తెలిపిరి. ఆఫ్గనిస్థానమున ఆ దినములలోనే మరణించిన సైనికుల కుటుంబములకు వెంటనే అందవలసిన లక్ష డాలర్ల సొమ్ము నిలిచిపోగా ఒక ధర్మసంస్థ ముందుకు వచ్చి ఆదుకొనెను. కార్మికశాఖలో విదేశోద్యోగుల ధ్రువపత్రముల పని ఆగిపోయెను. ఆ పత్రములకై కాచుకొనియుండువారిలో మన తెలుగు యువకులును ఉందురని వేఱుగ చెప్పనేల?

రాజధానిలో రెండవ ప్రపంచయుద్ధ స్మారకము చుట్టును అడ్డుకంచెలు వెలసెను. దానిని చూడవలెనని దూరమునుండి వచ్చిన వృద్ధ సైనికులు కంచెలను తొలగించుకొని లోనికి పోవలసివచ్చెను. అచ్చటికి వచ్చిన ప్రతినిధి యొకడు, కావలియున్న పార్కు ఉద్యోగినిని పదుగురి యెదుట నిలదీసి, మీ శాఖవారు సిగ్గుపడవలెనని గద్దించెను. తాను సిగ్గుపడుట లేదని ఆమె బదులు చెప్పెను. ఆమె తనకిచ్చిన ఆజ్ఞను నెఱవేర్చుచుండెను. ఆ ఆజ్ఞకు మూలమైన చిక్కు ఆ ప్రతినిధి కూర్చుండు సభలోనే పుట్టినది. అత్తమీది కోపము దుత్తమీద చూపుట యన నిదియే గదా!

మఱి శాసనసభ్యుల జీతముల మాటయేమి? అవి ఆగలేదు. సభ్యుల జీతములను మార్చు శాసనమేదైనను మధ్యలో ఒక ఎన్నిక జరిగినగాని అమలు కారాదని 1789లో ప్రతిపాదింపబడి 1992లో స్థిరపడిన రాజ్యాంగ సవరణ యొకటి కలదు. సభ్యులు తమ జీతములను తామే పెంచుకొనకుండుటకై ఏర్పడిన నియమమది. మూత దినములలో అదే వారికి గొడుగైనది. కొందఱు సభ్యులు ఆ దినముల జీతమును ధర్మకార్యములకిచ్చిరి. అది మెచ్చదగినదే. అయినను ఉన్నవాడు ఇష్టముతో విడుచుటయు, నెల జీతముతో బ్రతుకువాడు ఇష్టములేక పోగొట్టుకొనుటయు నొకటి కావు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. ధనమును నిరాకరించుట ప్రజాప్రతినిధుల చేతిలోని మిక్కిలి పాత ఆయుధము కాదా? మన స్వరాజ్యపక్షమువారు 1924లో, మోతీలాల్ నెహ్రూ నాయకత్వమున, కేంద్ర శాసనసభలో ప్రభుత్వపు పద్దులను త్రోసిపుచ్చలేదా? నిజమే. కాని రెండు భేదములు గమనింపుడు. నాటి ప్రభుత్వమును మార్చుటకు ప్రజలకు వోటు లేదు. వేఱు దారి లేనివాడు చేపట్టిన ఆయుధమది. మఱియు వైస్రాయి తన విశేషాధికారముతో ఆ పద్దులను పునరుద్ధరించెను; కావున ఆ నిరాకరణము ప్రభుత్వపు నైతికాధికారమునకు తగిలినదే గాని గుమాస్తా కంచమునకు తగులలేదు. వోటు కలిగి, ఎన్నికలు కలిగి, రద్దుచేయు బిల్లును తెచ్చుటకు హక్కు కలిగి, ఆ దారిలో గెలువజాలక, మూడవవాని జీతమును కుదువపెట్టుట వేఱు మాట.

ఆ 2013లోనే వేఱొక నడతయు కనబడినది. మెయిన్ రాష్ట్రపు సెనేటరు సూసన్ కాలిన్సుగారును రిపబ్లికను పక్షమువారే. ఆరోగ్యశాసనమునకు వ్యతిరేకముగా వోటు వేసినవారే. మూత మొదలైన కొలది దినములకే ఆమె సభలో రాజీమార్గమొకటి సూచించగా, ఇరుపక్షముల స్త్రీ సభ్యులు పలువురు ఆమెతో చేయి కలిపిరి. కడపటి ఒడంబడిక ఇరుపక్షముల నాయకులు కుదిర్చినదైనను, దానికి దారి తీసినది ఆ ప్రయత్నమే యని పలువురు అంగీకరించిరి. అక్టోబరు 16వ తేదీ రాత్రి సెనేటు 81-18 వోట్లతోను, ప్రతినిధుల సభ 285-144 వోట్లతోను మూతకు ముగింపు పలికెను. క్రూజుగారు వ్యతిరేకముగానే వోటు వేసిరి. ఆరోగ్యశాసనము దాదాపు ఉన్నదున్నట్లే నిలిచెను.

అయితే లొంగినవాడెల్ల మంచివాడనియు, నిలిచినవాడెల్ల చెడ్డవాడనియు సూత్రము కట్టవలదు. 2025 అక్టోబరు 1న మరల మూతపడినపుడు పట్టు పట్టినవారు డెమోక్రాట్లు. ఆ సంవత్సరాంతమున ముగియనున్న ఆరోగ్యబీమా సహాయమును పొడిగింపవలెనని వారి కోరిక. 43 దినములు గడచెను. పేదల యాహారసహాయము సైతము నవంబరులో తడబడెను. తుదకు ఆ పక్షముతో కూర్చుండు సెనేటర్లు ఎనమండ్రు ఎదుటివారితో కలియగా 60-40 వోట్లతో బిల్లు సెనేటులో నెగ్గెను. స్వపక్షమువారే ఆ యెనమండ్రను నిందించిరి. కోరిన సహాయము సంవత్సరాంతమున ముగిసిపోయెను. ఇచ్చట తీర్పు సులభము కాదు. నిలిచినను, లొంగినను, వెల చెల్లించువారు బీదలే. ఇట్టి చోట మనము శాసనసభ్యునినుండి కోరదగినది గెలుపు కాదు. రెండు వైపుల నష్టమును ముందుగానే ప్రజలకు చెప్పి, తాను దేనిని ఎన్నుకొనుచున్నాడో దాచక యుండుట.

దీనిని తెలిసికొనుటకు మనకు గల సాధనము సభా రికార్డు. అమెరికా రాజ్యాంగమును వ్రాసినవారు ప్రతి సభయు తన కార్యక్రమపు దినచర్యను ప్రకటింపవలెననియు, హాజరైనవారిలో ఐదవవంతు మంది కోరినచో ఎవరెట్లు వోటు వేసిరో పేరు పేరున వ్రాయవలెననియు విధించిరి. మనుష్యుని జ్ఞాపకము తనకనుకూలముగా వంగునని వారెఱుగుదురు. 2018 జనవరిలో మఱియొకసారి మూతపడినపుడు, తాను 2013లోను మూతను వ్యతిరేకించితిననియు, ధనము మంజూరు చేయుటకే పలుమాఱులు వోటు వేసితిననియు క్రూజుగారు పత్రికలవారితో చెప్పిరి. అక్షరార్థమున దీనిని కేవలము అసత్యమనజాలము. తన షరతుతో కూడిన మంజూరులను ఆయన సమర్థించిరి. కాని రికార్డును విప్పి చూచిన వానికి ఆ షరతును, ఆ షరతునకు పట్టిన గతియు గూడ కనబడును.

అయినను రికార్డులో ఒక కొఱత కలదు. అందు వోటు వ్రాయబడును గాని వెల వ్రాయబడదు. అవునన్నవారు ఇందఱు, కాదన్నవారు ఇందఱు అను పట్టికలో, చికిత్సకై వచ్చి తిరిగిపోయిన పిల్లల పేరులుండవు. ఆ రెండవ పట్టికను కూర్చుకొనవలసినది మనము. శాసనసభ్యుడు ముందేమి చెప్పెను, ఎట్లు వోటు వేసెను, పిమ్మట ఏమనుచున్నాడు అను మూడు ప్రశ్నలకు నాలుగవది చేర్పవలెను: ఆతని పట్టునకైన వెలలో ఆతని పాలెంత?

చదువరులారా, ఇది దూరదేశపు ముచ్చట యని పుస్తకము మూయకుడు. అన్నదమ్ములు పంతములు పట్టినపుడు గాదెకు తాళము పడుటయు, ఆ పూట పాలేరు పిల్లలు పస్తుండుటయు మన యిండ్లలో ఎఱుగనిది కాదు. తన కంచము ఖాళీయైనను మాట మీద నిలుచువానిది పట్టుదల. పరుల కంచమును లాగివేసి నిలుచువానిది పంతము. రెండును దూరమునుండి ఒక్క తీరుననే కనబడును. దగ్గఱకు పోయి, ఆ దినమున ఆకలితో నున్నవాడెవడని యడిగిననే తప్ప భేదము తెలియదు.