ఆలస్యంగా వచ్చిన కోపం

కోపం రెండు విధాలని లోకం నమ్ముతుంది. తటాలున మండి చల్లారేది ఒకటి. మనస్సులో దాచుకొని పగగా పెంచుకొన్నది మరొకటి. మొదటిది క్షమింపదగినదని, రెండవది శిక్షార్హమని సామాన్యులు సైతం తలుస్తారు. ఇంగ్లండు న్యాయశాస్త్రం కూడ చాలకాలం ఈ విభజననే ప్రమాణంగా గ్రహించింది.

పంజాబునుండి వెళ్లి ఇంగ్లండులో కాపురం చేసిన కిరణ్‌జీత్ అహ్లూవాలియా పదేండ్లపాటు భర్తచేతిలో హింసలు పడింది. 1989 మే నెలలో ఒక రాత్రి, కాల్చిన ఇస్త్రీపెట్టెతో బెదిరించి అతడు నిద్రకు పోయిన తరువాత, ఆమె అతని పడకపై పెట్రోలు పోసి నిప్పంటించింది. కొన్ని దినాలకు అతడు మరణించినాడు. అది ఘోరకృత్యమనడంలో సందేహం లేదు. అయితే ఆ డిసెంబరులో యావజ్జీవశిక్ష పడిన విచారణలో ఆమెకు ప్రతికూలంగా నిలిచినది నడుమ గడచిన కాలం. అతడు పడుకొనేదాకా ఆగినది గనుక కోపం చల్లారేందుకు వ్యవధి దొరికినదని అభియోగపక్షం వాదించింది.

ఆగడం నిబ్బరమేనా? ఎదుటివానిపై తక్షణమే మండిపడగలగడం బలవంతుని భాగ్యం. దెబ్బలకు అలవాటుపడిన స్త్రీ ఆ క్షణంలో నోరెత్తితే దెబ్బలు రెట్టింపవుతాయి. అందుచేత ఆమె కోపాన్ని దిగమింగడం నేరుస్తుంది. వాకిట చెప్పుల చప్పుడునుబట్టి ఆ రాత్రి ఎట్లా గడవనున్నదో చెప్పగలదు. చిత్తవృత్తులను అణచుకొన్నవాడిని యోగి అంటారు. ఈమె కూడ అణచుకొన్నదే, కాని భయంచేత. బయటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి! ఇరుగుపొరుగువారు మెచ్చుకొనే ఓర్పు చాలసార్లు ఈ మొద్దుబారడమే. హింస తొలగిన ఏండ్లకు కూడ తలుపు గట్టిగా వేసిన చప్పుడుకు ఆమె శరీరం ఉలిక్కిపడుతుంది. న్యాయస్థానంలో కన్నీరు రాకపోతే కఠినురాలంటారు. ఆగకుండా వస్తే మతి స్థిమితం లేనిదంటారు.

సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే స్త్రీల సంఘం ఆందోళన సాగించింది. 1992లో పై న్యాయస్థానం పాతతీర్పును కొట్టివేసి పునర్విచారణకు ఆజ్ఞాపించింది. మానసికవ్యాధిచే వివేకం సన్నగిల్లినదన్న కారణంపై నేరతీవ్రత తగ్గి, అనుభవించిన శిక్షే చాలునని ఆమెను విడుదల చేసినారు. దయ చూపినారు గాని వ్యాధి అనే దొడ్డిదారిన చూపినారు. పదేండ్ల దెబ్బలకు మనస్సు అట్లా కావడం వ్యాధి ఎట్లా అవుతుంది? కాలిన చేతిని వెనుకకు లాక్కోవడం వంటిదే అదీ.

2009లో చేసిన చట్టంలో ఆంగ్లేయులు నిగ్రహం కోల్పోవడం ఆకస్మికంగానే జరుగనక్కరలేదని ఒప్పుకొన్నారు. ఆలోచించి తీర్చుకొన్న పగను మాత్రం మినహాయించినారు. ఆ రెంటినీ వేరుచేసే గీత ఎక్కడ గీయాలన్నది ఇంకా కష్టమైన విషయమే. భారతదేశంలో 2005 నాటి గృహహింస చట్టం మాటలతో, మనస్సుకు చేసే గాయాన్ని కూడ హింసగా గుర్తించింది. హత్యానేరానికి చెప్పిన మినహాయింపులో మాత్రం, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో సైతం, ప్రేరేపణ తీవ్రంగానే గాక ఆకస్మికంగా కూడ ఉండాలన్న నియమం అట్లాగే నిలిచియున్నది.