జావా పల్లెలో క్షేమం

ఇండోనేషియాలోని జావా పల్లెల్లో మొక్కే మొక్కుల్లో చాలావాటి సారం ఒక్కటే: ఏమీ జరగకుండా ఉండాలి. ఇంట్లో ఎవరికీ జబ్బు చేయకూడదు, మడికి తెగులు తగలకూడదు, ఇరుగుపొరుగుతో మాట పట్టింపు రాకూడదు, మనసు కలత పడకూడదు. ఈ స్థితికి అక్కడివాళ్లు వాడే మాట స్లామెత్. దానికోసం పెట్టే విందు స్లామెతాన్. అమెరికన్ మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1950ల తొలి సంవత్సరాల్లో తూర్పు జావాలోని పారే పట్టణంలో ఉండి పరిశోధన చేశాడు. ఆ ఊరికి మోజోకుతో అని మారుపేరు పెట్టి 1960లో ‘ది రెలిజియన్ ఆఫ్ జావా’ గ్రంథం వెలువరించినప్పుడు, జావా మతజీవితానికి నడిబొడ్డుగా అతను చూపించింది ఈ చిన్న విందునే. క్షేమానికి ఇంత పెద్దపీట వేసిన సమాజంలో ఒక ప్రశ్న తెగకుండా ఉంటుంది. మనిషి ప్రాణాన్నీ ఆస్తినీ కాపాడేది ఎవరు? దైవమా, రాజ్యమా, పక్కింటివాడా?

స్లామెతాన్‌కు పెద్ద సందర్భమే రావాలని లేదు. ఏడో నెల గర్భం, పురుడు, సుంతీ, పెళ్లి, ఇల్లు మారడం, దూరప్రయాణం, పీడకల, కోత మొదలుపెట్టడం, ఏదైనా సరే. చావు తర్వాత మూడో రోజుతో మొదలై ఏడు, నలభై, నూరు, చివరకు వెయ్యో రోజు దాకా విందులు సాగుతాయి. తతంగం మాత్రం అంతగా మారదు. పొద్దుగూకి నమాజు అయ్యాక ఇంటి పిల్లవాడో మరొకరో నాలుగు దిక్కులా ఉన్న ఇళ్లకు వెళ్లి పిలుస్తారు. పిలుపు విందుకు కొద్ది నిమిషాల ముందే వస్తుంది. స్నేహితుడా, చుట్టమా, కలిగినవాడా అని చూడరు. ఇల్లు దగ్గర్లో ఉంటే చాలు. మగవాళ్లు ముందుగదిలో చాపల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. మధ్యలో తుంపెంగ్ అనే అన్నపు శిఖరం, దాని చుట్టూ కోడికూర, కాయగూరలు, ఎరుపు తెలుపు జావ గిన్నెలు, పక్కన సాంబ్రాణి పొగ. ఇంటి యజమాని మర్యాద భాషలో విందు ఎందుకు పెట్టాడో చెప్పి, లోటుపాట్లుంటే మన్నించమంటాడు. మోదిన్ అనే ఊరి మతాధికారి అరబ్బీలో దువా చదువుతుంటే అందరూ మధ్యమధ్య ‘ఆమీన్’ అంటారు. తర్వాత నాలుగు ముద్దలు తిని, మిగిలినది అరటాకు పొట్లాల్లో పెళ్లాంపిల్లలకు పట్టుకుపోతారు. ఆ చాప మీద ఉన్నంతసేపు ఒకడు ఎక్కువా కాదు, ఇంకొకడు తక్కువా కాదు. వండివార్చిన ఆడవాళ్లు మాత్రం వంటింట్లోనే ఉండిపోతారు కాబట్టి ఈ సమానత్వానికి ముందుగది గోడలే హద్దు.

దువా అల్లాకు, అన్నం మనుషులకు. సాంబ్రాణి ధూపం, వంటల ఘుమఘుమ ఊరి కాపలాదారుగా ఎంచే దాన్యాంగ్ ఆత్మకూ, పితరులకూ. మతపరమైన వాదమంతా ఈ మూడో పంపకం దగ్గరే మొదలవుతుంది. క్షేమమిచ్చేవాడు అల్లా ఒక్కడే అయినప్పుడు ఊరి భూతాన్ని మంచి చేసుకోవడమేమిటన్నది సంస్కరణవాదుల ఆక్షేపణ. 1912లో యోగ్యకర్తలో అహ్మద్ దహ్లాన్ స్థాపించిన మహమ్మదియా ఆ ధోరణికి బలమైన గొంతు. 1926లో సురబాయాలో ఏర్పడిన నహ్దతుల్ ఉలమా సంప్రదాయం వైపు నిలిచింది. పొరుగువాడికి అన్నం పెట్టడం దానధర్మమే, పోయినవారికోసం ప్రార్థించడం పుణ్యమే, అందులో ఇస్లాంకు విరుద్ధమైనది లేదన్నది వారి పక్షం. పండితుల్లోనూ ఇదే చీలిక ఉంది. స్లామెతాన్‌లో గీర్ట్జ్‌కు ఎక్కువగా కనిపించింది పాత ఆత్మారాధన. మార్క్ వుడ్‌వర్డ్ 1980ల చివర్లో దాని మూలాలు ఇస్లాంలోనే ఉన్నాయని వాదించాడు.

ఈ వాదానికి పల్లె ఇచ్చే జవాబు మానవశాస్త్రవేత్త ఆండ్రూ బీటీ రచనలో బాగా కనిపిస్తుంది. తూర్పు జావా కొసన ఉన్న బన్యువంగి ప్రాంతంలో ఉండి రాసిన గ్రంథాన్ని అతను 1999లో ప్రచురించాడు. ఐదుపూటలా నమాజు చేసే రైతు, మార్మిక సాధకుడు, ఆత్మలను నమ్మే పెద్దాయన ఒకే చాప మీద కూర్చుని అవే మాటలు వింటారు. ఎరుపు తెలుపు జావ ఒకరికి తల్లిదండ్రులకు గుర్తు, మరొకరికి ఇంకేదో తత్త్వం. ఎవరి అర్థం వారు తీసుకుంటారు, ఎదుటివాడి అర్థాన్ని పైకి ఖండించరు. బయటివాళ్లకు ఇది సిద్ధాంతం లేని గందరగోళంగా తోచవచ్చు. నిజానికి ఇదీ ఒక సిద్ధాంతమే: దేవుడి గురించిన తగాదా కన్నా పొరుగువాడితో పొత్తు ముఖ్యమని తేల్చుకున్న సిద్ధాంతం.

ఆస్తి విషయంలోనూ ఆ తర్కమే నడుస్తుంది. జావాలో సాగు కుటుంబాల్లో ఎక్కువమందికి ఉన్నది అర హెక్టారు లోపే: కొంత సావా అనే నీటిమడి, కొంత మెట్ట, ఇంటి చుట్టూ కొబ్బరి, అరటి, కూరపాదులతో నిండిన పెరడు. గ్రామపెద్దకు జీతానికి బదులు ఇచ్చే మాన్యం బెంగ్కోక్. వారసత్వంలో ఆడపిల్లకూ మగపిల్లవాడికీ సమంగా పంచే ఇళ్లున్నాయి, ఇస్లామిక్ ధర్మం ప్రకారం ఒకటికి రెండు లెక్కన పంచే ఇళ్లూ ఉన్నాయి. ఎలా పంచినా తోబుట్టువులు కొట్టుకోకుండా ఉంటే అది మంచి పంపకం.

పంట దగ్గరికి వచ్చేసరికి సొంతదారు ఎవరన్న ప్రశ్న చిక్కుపడుతుంది. వరికి అధిదేవత దేవి శ్రీ. హిందూ, బౌద్ధ రాజ్యాల కాలంలో చేరిన ఈ పేరు ద్వీపంలో ఎక్కువమంది ముస్లింలయ్యాకా పోలేదు. ఆమె బెదరకుండా ఉండాలని ఆడవాళ్లు అని-అని అనే చిన్న కత్తిని అరచేతిలో దాచుకుని, కంకి తర్వాత కంకిగా కోసేవారు. కోతకు ఎవరు వచ్చినా కాదనకూడదు. కోసినవారికి బావోన్ అనే వాటా ధాన్యంగానే దక్కేది. అంటే మడి ఒకరిదైనా, పండిన గింజ మీద భూమిలేని పొరుగింటికీ ఒక హక్కు ఉండేది. అది కాగితం మీద లేదు, కాదంటే మాత్రం పరువు పోతుంది. 1960 నాటి ఇండోనేషియా భూచట్టం ఆరో అధికరణంలో భూమి మీది హక్కులన్నిటికీ సామాజిక ధర్మం ఉందని రాసుకుంది. చట్టం ఆ మాట అనకముందే పల్లె దాన్ని ఆచరణలో పెట్టింది.

1960ల చివర హరిత విప్లవం వచ్చింది. పొట్టి వంగడాలకు కొడవలి అనువైంది. పైరు పొలంలో ఉండగానే దళారికి అమ్మేసే తెబాసాన్ పద్ధతి పెరిగింది. దళారి తన సొంత కోత ముఠాను తెచ్చుకుంటాడు, ఊరివాళ్లను పిలవాల్సిన మొహమాటం అతనికి లేదు. రైతుకు కూడా, కాదనలేని చోట కాదనే పని తప్పింది. 1970ల నుంచి బియ్యపు మిల్లులు దంపుడు పనినీ మింగేశాయి. ఇండోనేషియా 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది. ఆ లెక్కల్లో భూమిలేని ఆడకూలీ పోగొట్టుకున్న గింజలకు గడి లేదు.

పంచని సంపద మీద పల్లెకు ఉన్న అనుమానం తుయుల్ కథల్లో తేటపడుతుంది. తుయుల్ అంటే బోడిగుండు పసివాడి రూపంలో ఉండే భూతం. యజమాని కోసం ఇళ్లలో దూరి డబ్బు దొంగిలిస్తుంది. ఎవరైనా ఉన్నట్టుండి కలవాడైతే, ఆ సొమ్ము ఎక్కడిదో ఎవరికీ తెలియకపోతే, తుయుల్‌ను పెంచుతున్నాడన్న మాట పుడుతుంది. భూతంతో ఒప్పందానికి వెల యజమాని ఇంట్లోవాళ్ల ప్రాణాలతో తీరుతుందని నమ్మకం. కథలోని న్యాయం సూటిగానే ఉంది: పొరుగువారి చేతుల మీదుగా రాని ఆస్తి సొంత ఇంటి ప్రాణాన్నే తింటుంది. అయితే ఈ న్యాయానికి సాక్ష్యంతో పని లేదు. ఇలాంటి అనుమానం క్షుద్రవిద్య పేరుతో వచ్చినప్పుడు ఏం జరుగుతుందో 1998లో బన్యువంగి చూసింది. చేతబడి చేస్తున్నారన్న నిందతో అక్కడ పదుల సంఖ్యలో మనుషులను చంపేశారు.

దొంగల భయానికి పల్లె చేసుకున్న ఏర్పాటు రోందా అనే రాత్రి గస్తీ. మగవాళ్లు ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకుంటారు. వాకిళ్లలో చిన్న డబ్బానో వెదురు గొట్టమో వేలాడుతుంటుంది. ఇల్లాలు పడుకునే ముందు అందులో చిటికెడు బియ్యం వేస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల బియ్యం బదులు చిల్లర నాణెం. గస్తీవాళ్లు ఇల్లిల్లూ తిరిగి దాన్ని పోగుచేసి వీధి నిధికి జమచేస్తారు. దీన్ని జింపితాన్ అంటారు. సొమ్ముగా చూస్తే ఎంతో కాదు. కానీ దానికోసం గస్తీవాడు ప్రతి గుమ్మం దాకా రావాలి, ప్రతి ఇల్లూ ఆ రోజు తాను ఊరితో ఉన్నానని చూపించాలి. డబ్బా ఖాళీగా ఉంటే అడిగేవాళ్లుంటారు. ఆపద వస్తే కెంతోంగాన్ అనే తొలిచిన కొయ్యను ఎడతెగకుండా మోగిస్తారు, విన్నవాడు లేచి రావాల్సిందే. ఇదే గస్తీ అధికారానికీ పనికొచ్చింది. 1944లో జపాన్ ఆక్రమణ పాలన తన పద్ధతిలో పొరుగిళ్ల సంఘాలను కట్టింది. ఇప్పుడు ఆర్‌టీలని పిలిచే ఇరుగుపొరుగు విభాగాలకు మూలం అదే. 1980లలో అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం గస్తీని అధికారిక భద్రతా వ్యవస్థలో కలిపేసింది. పొరుగువాడిని కాపాడే కన్నే పొరుగువాడి మీద నిఘా కూడా అయింది.

ఈ క్షేమతత్త్వానికి అత్యంత ఘోరమైన పరీక్ష 1965-66లో వచ్చింది. 1960 భూసంస్కరణ చట్టం చాలా దట్టమైన జనాభా ఉన్న చోట నీటిమడికి ఐదు హెక్టార్ల పరిమితి పెట్టింది. అమలు నత్తనడకన సాగడంతో కమ్యూనిస్టుల రైతు సంఘం సొంతంగా భూముల ఆక్రమణకు దిగింది. క్లాతెన్, కెదిరి ప్రాంతాల్లో భూస్వాములతో, ముస్లిం సంఘాలతో ఘర్షణలు రేగాయి. 1965 అక్టోబరు తర్వాత కమ్యూనిస్టుల మీద సైన్యం ముందుండి నడిపిన ఊచకోతలో చనిపోయినవారు దేశం మొత్తం మీద సుమారు 5 లక్షలని తరచూ చెప్పే అంచనా. చాలా ఊళ్లలో చంపినవాడూ చచ్చినవాడూ ముఖపరిచయం ఉన్నవాళ్లే. పొత్తును అన్నిటికన్నా పైన పెట్టిన సమాజంలో ఇది ఎలా సాధ్యమైంది? ఒక కారణం ఆ పొత్తులోనే ఉంది. తగాదాను పైకి తేకుండా అణచుకోవడమే మర్యాద అయినప్పుడు, భూమి మీది తగాదాకు పరిష్కారం దొరికే చోటంటూ ఉండదు. తుపాకీ దన్నుతో కొందరిని ఊరివాళ్లే కాదన్న రోజున అడ్డుచెప్పే మాట కూడా ఉండదు. ఆ తర్వాత కమ్యూనిస్టు అన్న ముద్ర పడకుండా గుర్తింపు పొందిన మతం చూపించడం ప్రాణరక్షణకు అవసరమైంది. నామమాత్రపు ముస్లింలలో కొందరు క్రైస్తవంలోకి, హిందూమతంలోకి వెళ్లారు, ఎక్కువమంది మసీదుకు దగ్గరయ్యారు.

మనుషుల చేతిలో లేని ఆపద మెరాపి అగ్నిపర్వతానిది. దాని దక్షిణపు వాలున కినహ్రెజో పల్లెలో ఉండే మరిజాన్, యోగ్యకర్త సుల్తాను నియమించిన పర్వత సంరక్షకుడు. ఏటా పర్వతానికి అర్పణలు సమర్పించడం ఆయన బాధ్యత. 2006లో ఖాళీ చేయమని అధికారులు చెప్పినా కదలలేదు, బతికాడు. 2010 అక్టోబరు 26న మళ్లీ కదలలేదు. వేడి బూడిద మేఘం ఆయనతోపాటు మరికొందరినీ బలిగొంది. అప్పగించిన చోటు విడిచి పొందే క్షేమం ఆయన దృష్టిలో క్షేమం కాదు. ఆ వాలులోని మామూలు రైతులది వేరే ఇబ్బంది. శిబిరాల నుంచి వాళ్లు పగటిపూట పైకి వెళ్లిపోయేవారు, పాడి ఆవులకు మేత వేయాలి కదా. ఆవును వదిలేసి ప్రాణం దక్కించుకుంటే, ఆ ప్రాణం తర్వాత ఏం తిని నిలుస్తుంది? ప్రభుత్వానికి ఇది అర్థమయ్యాకే పశువులను కొంటామని ప్రకటించింది.

విస్ఫోటనం తర్వాత కినహ్రెజో వాసులు దిగువన కట్టిన శాశ్వత గృహాలకు మారారు. పాత భూమి వారి సొంతమే. పశుగ్రాసం కోసుకోవచ్చు, సాగు చేసుకోవచ్చు, కాపురం మాత్రం ఉండకూడదు. ఇంకా తూర్పున ఉన్న కలితెంగా లోర్ వంటి పల్లెలు ఈ ఏర్పాటుకు ఒప్పుకోలేదు. మట్టీ ఆవులూ అక్కడే ఉన్నప్పుడు నిద్ర మాత్రం మరోచోట ఎందుకన్నారు. పర్వతం గర్జిస్తే ఎటు దిగాలో నేర్చుకుంటామన్నారు, తిరిగి వెళ్లి పాత చోటే ఇళ్లు కట్టుకున్నారు.